ఎల్లస్వామి కారే కుండలు

ఎల్లస్వామి కోపం గురించి మోత్కూర్ అంగడిలో ఎవరిని అడిగినా కథలు కథలుగా చెబుతారు. కుండ కొనడానికి వచ్చిన మనిషి దాన్ని చేతిలోకి తీసుకుని వేలితో టంగుమని కొట్టి చూస్తే చాలు, ఆయనకు ఒళ్లు మండిపోయేది. కొట్టి చూడటం కొనేవాళ్ల హక్కు, ఏ అంగడిలోనైనా ఉన్నదే. ఎల్లస్వామికి మాత్రం అది తన చెంప మీద కొట్టినట్టుండేది. "ఇంట్ల కొట్టి చూసే తెచ్చిన. నువ్వు మల్ల కొడితే గది ఏమన్న పాట పాడ్తదా?" అని గయ్యిమనేవాడు. ఆ నోటికి భయపడి పక్క కుమ్మరి దగ్గరికి పోయినవాళ్లు కూడా వచ్చే వారం తిరిగి ఈయన దగ్గరికే వచ్చేవాళ్లు. ముప్పై ఏళ్లలో ఎల్లస్వామి చేసిన కుండ కారిందని ఒక్కరు కూడా వెనక్కి తేలేదు మరి.

అలాంటి మనిషి కావాలని కారే కుండలు చేశాడు. చేయడమే కాదు, అవి కారడం లేదని ఊరి మీద పడి కొట్లాడాడు. ఎందుకంటే, మనవరాలి కోసం.

రాళ్లగూడెంలో ఎల్లస్వామి ఇంటి ముందరే చేతిపంపు బోరు ఉంది. అది పడిన రోజున ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది. పదేళ్లు గడిచేసరికి పిల్లల పళ్లకు పసుపు గార పట్టింది, నలభై ఏళ్లు దాటినవాళ్లు మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చింది. ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని, అదే ఎముకలను వంచుతోందని నల్లగొండ నుంచి వచ్చిన వాళ్లు చెప్పారు. చెప్పి పోయారు. బోరు అక్కడే ఉంది, జనం అవే నీళ్లు తాగుతూనే ఉన్నారు. తొంభై ఒకటో సంవత్సరం వచ్చేసరికి ఎల్లస్వామి మనవరాలు మంజులతకు ఐదేళ్లు. నడుస్తుంటే రెండు మోకాళ్లూ ఒకదానికొకటి తగిలేవి. నిలబడితే మోకాళ్లు కలిసేవి, చీలమండల మధ్య నాలుగు వేళ్ల సందు మిగిలేది.

నల్లగొండ దవాఖానలో ఎముకల డాక్టరు పిల్లను నిలబెట్టి ఆ సందును టేపుతో కొలిచాడు. "వంగింది మళ్లీ సాపు కావడం కష్టం. ఇంకా వంగకుండా చూడటం మీ చేతుల్లోనే ఉంది. బోరు నీళ్లు ఒక్క చుక్క కూడా తాగించొద్దు," అన్నాడు.

బోరు కాకపోతే ఊళ్లో మిగిలింది భీమయ్య పొలంలోని బావి. పది నిమిషాల నడక. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ లేదుగాని మిగతావన్నీ ఉన్నాయి. అందులో బర్రెలను కడుగుతారు, బట్టలు ఉతుకుతారు, వాన పడితే చేలల్లో ఉన్నదంతా కొట్టుకొచ్చి అందులోనే పడుతుంది. ఆ నీళ్లు తాగిన నెల రోజుల్లో మంజులతకు రెండుసార్లు వాంతులు, బేదులు పట్టుకున్నాయి. రెండోసారి మోత్కూర్‌లో మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. కాచి చల్లార్చి తాగించమన్నారు. ఎల్లస్వామి కోడలు నిర్మల తెల్లారి లేస్తే కూలికి పోవాలి, ఒకరోజు కాచేది, ఒకరోజు తీరేది కాదు. కాచినరోజు పిల్ల ఆ పొగ వాసన నీళ్లు మూతి దగ్గరికి కూడా రానిచ్చేది కాదు.

"బోరుయి తాగితే బొక్కలు వంగుతయ్, బావియి తాగితే పాణం పోతది. మరి మేము గాలి తాగి బతకాల్నా?" అని ఎల్లస్వామి నీళ్ల సీసాలు పట్టుకుపోవడానికి వచ్చిన హమీద్ మీద విరుచుకుపడ్డాడు.

హమీద్‌ది నల్లగొండలో నీళ్లు పరీక్షించే ఆఫీసులో చిన్న ఉద్యోగం. నెలకోసారి స్కూటర్ మీద వచ్చి ఊరూరా నీళ్లు సీసాల్లో పట్టుకుపోతాడు. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ తిట్లు తిని తిని ఆ మనిషికి ఓపిక అలవాటైపోయింది. మరుసటి నెల ఒక కాగితం తెచ్చి ఎల్లస్వామి ముందు పరిచాడు. దాని మీద బకెట్టులాంటి కుండ బొమ్మ ఉంది, వెడల్పు నోరు, చదును అడుగు.

"మట్టిల మెత్తటి ఊక కలిపి ఇట్లాంటిది చెయ్యి ఎల్లస్వామీ. కుండలు కాల్చినప్పుడు ఆవంల ఊక కాలిపోతది. అది ఉన్న జాగల సన్నటి సందులు మిగులుతయ్, కంటికి గూడ ఆనవు. నీళ్లు అండ్లకెల్లి దిగుతయ్, బీమారి పురుగులు పైననే ఆగిపోతయ్. దీన్ని ఇంకో పెద్ద కుండ మూతి మీద కూసోబెట్టాలె."

"అంటే కారే కుండ."

"ఆ, కారాలె. గంటకు ఒక చెంబు, రెండు చెంబులు."

ఎల్లస్వామి లేచి నిలబడ్డాడు. "సారూ, పదేండ్లప్పుడు నేను చేసిన గురిగి కారిందని మా నాయిన సారె తిప్పే కట్టెతోని ఈపు పగలగొట్టిండు. ఆ దెబ్బకు నేర్సుకున్న పని ఇది. ఇప్పుడు నువ్వొచ్చి కారే కుండ చెయ్యమంటున్నవ్. రేపు నన్ను కుమ్మరోడు అంటరా, ఇంకేమన్న అంటరా?"

"రంజన్ల నీళ్లు చల్లగ ఎందుకైతయ్? కుండకు చెమట పడ్తది గదా. గా చెమటే జర ఎక్కువ గావాలె, అంతే."

"చెమట వేరే, కారుడు వేరే!"

అంత మాట అన్నవాడే మంజులత వాకిట్లో తూలుకుంటూ నడిచి రావడం చూసి కాగితం మడిచి మొలలో దోపుకున్నాడు. ఎల్లస్వామి కొడుకు పర్వతాలు నకిరేకల్ రైస్ మిల్లులో హమాలీ. వారానికోసారి ఇంటికి వచ్చేటప్పుడు బస్తా ఊక తెమ్మని వాడికి కబురు పంపాడు.

మొదటి వాయిలో ఊకను ఉన్నదున్నట్టు కలిపాడు. ఆవం విప్పి చూస్తే కుండలు పట్టుకున్నచోటల్లా పొడై రాలిపోయాయి. రెండో వాయికి ఊకను దంచి పిండి జల్లెడలో పట్టి, ఆ మెత్తటిది కలిపాడు. కుండలు చక్కగా కాలి వచ్చాయి, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. నీళ్లు పోసి కింద గిన్నె పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది, పొద్దు వాలింది, గిన్నెలో ఒక్క చుక్క పడలేదు. మూడో వాయికి ఊక ఇంకా ఎక్కువ కలిపాడు. అదే తంతు. నీళ్లు పోసినవి పోసినట్టు నిలబడ్డాయి, పైపెచ్చు రెండు దోమలు కూడా చేరాయి.

ఇన్నేళ్లూ కారకూడదని ప్రాణం పెట్టి చేసిన మనిషికి ఇప్పుడు కారమన్నా కారకపోతే ఎలా ఉంటుంది? హమీద్‌ను తిట్టాడు, ఆ కాగితం గీసినవాణ్ని తిట్టాడు, ఊక తెచ్చిన కొడుకును తిట్టాడు. చివరికి కుండనే ఎత్తి వాకిట్లో వేసి కొట్టాడు.

పెంకులు కాళ్ల దగ్గర పడ్డాయి. కోపంలోనే ఒక పెంకు తీసి నాలుకకు అంటించుకున్నాడు. కాలిన మట్టిని కుమ్మరివాళ్లు అలాగే పరీక్ష చేస్తారు. నీళ్లు పీల్చే మట్టి నాలుకను పట్టుకుని వదలదు. విరిగిన అంచు ఆయన నాలుకను ఎంత గట్టిగా పట్టుకుందంటే, లాగితే చురుక్కుమంది. పెంకును తిప్పి నునుపు వైపు అంటించాడు. జారిపోయింది. లోపలి వైపు అంటించాడు. అదీ జారిపోయింది.

నాలుక బయటపెట్టి పెంకు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. తర్వాత ఊరంతా వినపడేలా అరిచాడు. "ఓ సోమమ్మా!"

సోమమ్మ ఆయన భార్య. కుమ్మరి ఇళ్లలో సారె మీద కుండ తీసేది మగవాళ్లే గానీ, దాన్ని కుండను చేసేది ఆడవాళ్లు. ఆరిన పచ్చి కుండను నున్నటి రాయితో రుద్ది రుద్ది మెరుగు తెచ్చేది, ఎర్రమట్టి జాజు పూత పూసేది సోమమ్మే. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లోంచి జాజు పూయని కుండ ఆవంలోకి పోలేదు. ఆమె ఈ కుండలకు కూడా పూసింది. పైగా ఇది మనవరాలి కుండ, నోరు కూడా వెడల్పుగా ఉండి చెయ్యి పడుతోందని లోపల కూడా రుద్ది మరో పూత ఎక్కువ వేసింది. ఊక కాలి తెరిచిన దారులను బయటి నుంచి ఒకసారి, లోపలి నుంచి ఒకసారి మూసేసింది. ఆమె పూస్తుంటే పక్కనే కూర్చుని చుట్ట కాల్చుకున్న ఎల్లస్వామికీ ఏమీ తోచలేదు. జాజు పూయకుండా కుండ ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు?

"ఎవలు పూయమన్నరే నిన్ను జాజు?"

"ఎవలన్న చెప్తే పూస్తున్ననా ముప్పై ఏండ్ల సంది? బట్ట కట్టని పిల్లను బజార్ల నిలవెట్టినట్టు, జాజు లేని కుండను ఇంట్లకెల్లి ఎట్ల పంపుత? నలుగురు చూస్తే నా మొకాన ఉమ్మేయరా?"

"నీ మొకం సంగతి తర్వాత. పిల్ల కాళ్ల సంగతి చూడు!"

నాలుగో వాయి కుండలు మెరుగు లేకుండా, జాజు లేకుండా, మొరటుగా, పొడిబారిన మడమల్లాగా ఆవంలోంచి వచ్చాయి. సోమమ్మ వాటి వంక చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. నీళ్లు పోశారు. మూడో చుట్ట అయిపోయేసరికి అడుగున ఒక చుక్క ఊరింది. వేలాడింది, టపుక్కున పడింది. వెనకాలే ఇంకొకటి. ఎల్లస్వామి మంజులతను ఒళ్లో కూర్చోబెట్టుకుని చుక్కలు లెక్కపెట్టించాడు. పిల్లకు వచ్చిన అంకెలు అయిపోతే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టించాడు.

హమీద్ వెండి కలిపిన మందునీళ్లు తెచ్చి కుండ లోపలా బయటా కుంచెతో పూశాడు, తప్పించుకుని దిగిన పురుగులుంటే వెండి చంపుతుందని చెప్పాడు. కారిన నీళ్లను సీసాలో పట్టి నల్లగొండ తీసుకుపోయాడు. వారంలో తిరిగి వచ్చి, ఒక్క పురుగు కూడా లేదని చెప్పాడు. పోతూ పోతూ స్కూటర్ మీద కూర్చుని మరో మాట అన్నాడు. "ఒక్కటి యాదికుంచుకో ఎల్లస్వామీ. ఇది పురుగులనే ఆపుతది. బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ కరిగి ఉంటది, దాన్ని ఆపదు. అందుకే ఈ కుండల బావి నీళ్లే పొయ్యాలె."

"ఆ, ఆ," అన్నాడు ఎల్లస్వామి. ఆయన కళ్లు చుక్కల మీదే ఉన్నాయి.

ఆ వానాకాలం రాళ్లగూడెంలో ఇంటికొకరు బేదులతో పడుకున్నారు. మంజులతకు తుమ్ము కూడా రాలేదు. ఎల్లస్వామి ఛాతీ ఉబ్బిపోయింది. ఇరవై కుండలు చేసి హమీద్‌తో మందు పూయించి మోత్కూర్ అంగడికి తీసుకుపోయాడు. జనం కారే కుండలను చూసి పడీ పడీ నవ్వారు. ఎల్లస్వామి చెయ్యి పడిపోయిందన్నారు, కళ్లు కనపడటం లేదన్నారు. కొట్టి చూస్తే టంగుమనలేదు, తపుక్కుమంది. ఒకాయన అయితే జాలిపడి, ఇంకో పని చూసుకోరాదా అన్నాడు. సాయంత్రానికి ఇరవై కుండలూ తిరిగి ఇంటికి వచ్చాయి.

ఊళ్లోవాళ్లకు ఊరికే ఇచ్చాడు. పక్కింటి లాల్ బీ ఒకటి తీసుకుంది. నాలుగు రోజుల తర్వాత ఎలా ఉందో చూద్దామని పోతే, ఆమె సంబరంగా ఎదురొచ్చింది.

"ఎల్లన్నా, నీ కుండ మంచిగైంది! ఇచ్చినప్పుడు కారుతుండె పాపం. ఏదో పొరపాటైంది, నీకు చెప్తే చిన్నబోతవని నేనే రెండు దినాలు గంజి కాచి పోసిన. ఇప్పుడు చుక్క కారుతలేదు, చూడు!"

కొత్త కుండకు గంజి పట్టించి రంధ్రాలు పూడ్చడం అక్కడి ఆడవాళ్లందరికీ తెలిసిన పనే. లాల్ బీ ఒక్కతే కాదు, కుండ తీసుకున్న ఎనిమిది ఇళ్లలో ఆరు ఇళ్లు ఆ పని చేశాయి. అందరూ ఆయన పరువు కాపాడామనే అనుకున్నారు. మిగిలిన రెండిళ్లలో ఒకరు వడ్లు పోసుకున్నారు, ఇంకొకరు కోడిపెట్టను పొదగేశారు. ఎల్లస్వామి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "కారాలె చెల్లే, అది కారాలె! కారకుంటే అది దేనికి పనికొస్తది?" అని వీధి వీధీ తిరిగి అరిచాడు. ఎండ దెబ్బ తగిలిందేమోనని లాల్ బీ మజ్జిగ పంపించింది.

ఎంత చెప్పినా ఎవరూ చెవిన వేసుకోకపోయేసరికి ఎల్లస్వామి పంతానికి పోయాడు. తర్వాతి అంగడికి ఒక్క కుండనే తీసుకుపోయి నడిబజారులో పెట్టాడు. పక్క మురికి మోరీ దగ్గరి గుంటలోంచి చెంబుతో బురద నీళ్లు ముంచి అందరి ముందూ అందులో పోశాడు. జనం మూగారు. కింద తేటగా దిగిన నీళ్లను గ్లాసులో పట్టి గటగటా తాగాడు. "చూసిన్రా? దీంట్ల ఏ నీళ్లు పోసినా అమృతమై దిగుతది! మోరీ నీళ్లే గిట్లయితే మీ ఇంటి నీళ్లెంత?" అని రంకె వేశాడు. ఆ రోజు మూడు కుండలకు బయానా ఇచ్చారు. వారం వారం అదే ఆట, అదే రంకె. దసరా వచ్చేసరికి చేసిన కుండ చేసినట్టే పోయేది. నిర్మల కూడా అంగడి రోజున కూరగాయలకు వచ్చి, జనంలో నిలబడి మామ తమాషా చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేది.

మరుసటి ఎండాకాలం మంజులతను మళ్లీ నల్లగొండ తీసుకుపోయారు. ఎల్లస్వామి మంచి మాట వింటానన్న ధీమాతో డాక్టరు ఎదురుగా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. డాక్టరు పిల్ల మోకాళ్లు కలిపి నిలబెట్టి టేపు పెట్టాడు. పోయిన ఏడాది కాగితం తీసి చూశాడు. మళ్లీ కొలిచాడు.

"సందు పెరిగింది. ఏ నీళ్లు తాగిస్తున్నారు?"

"మా కుండ నీళ్లు! ఒక్క చుక్క బయటివి తాగదు. కావాల్నంటే బడికి గూడ సీసా పట్టుకపోతది."

"అయితే మీ కుండలో ఏం పోస్తున్నారో చూసుకోండి," అన్నాడు డాక్టరు.

ఎల్లస్వామి బయటికి వచ్చి డాక్టర్‌ను తిట్టాడు. టేపు పాతదై సాగిపోయిందన్నాడు. అక్కడి నుంచి నేరుగా హమీద్ ఆఫీసుకు పోయి, మంజులత భుజాన వేలాడుతున్న నీళ్ల సీసా ఆయన బల్ల మీద పెట్టాడు. "పరీక్ష చెయ్యి సారూ. వానికి నా కుండ సంగతేందో రాసియ్యి."

హమీద్ లోపలికి పోయి అరగంటకు తిరిగి వచ్చాడు. నిలబడే చెప్పాడు. "పురుగులు ఉన్నయో లేవో తెల్వనీకె ఎల్లుండి దాక టైము పడ్తది. ఫ్లోరైడ్ మాత్రం ఉన్నది. భీమయ్య బావి లెక్క గాదు, మీ ఇంటి ముందరి బోరు లెక్క."

దారి పొడవునా ఎల్లస్వామి నోరు మూత పడలేదు. హమీద్ సీసాలు కలగాపులగం చేసి ఉంటాడన్నాడు. భీమయ్య బావిలో ఎవడో బోరు నీళ్లు కలిపి ఉంటాడన్నాడు. ఇంటికి వచ్చేసరికి నిర్మల కూలి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"నిర్మలా, కుండల ఏం నీళ్లు పోస్తున్నవే?"

"బోరు నీళ్లు మామా," అందామె, దాచాల్సిందేమీ లేనట్టే.

"ఎప్పటిసంది?"

"దసరా సంది. బావి దాక పోయొస్తే కూలికి ఆలస్యమైతాంది. కూలీల ముఠాదామె రెండు దినాలు వాపస్ పంపింది." మామ ముఖం చూసి ఆమె గొంతు తగ్గింది. "ఏమైంది మామా? నువ్వే గదా అంగడిల చెప్పినవ్, ఏ నీళ్లు పోసినా అమృతమై దిగుతదని. నేను విన్న గదా. మోరీ నీళ్లే మంచిగైనప్పుడు, బోరు నీళ్లు కావా?"

ఎల్లస్వామి నోరు తెరిచాడు. తిట్టడానికి ముందు ఆయన ఎప్పుడూ అలాగే ఒకసారి గట్టిగా గాలి పీల్చేవాడు. సోమమ్మ గబగబా వచ్చి కోడలికి అడ్డం నిలబడింది. కానీ తిట్టు రాలేదు. స్కూటర్ మీద కూర్చుని హమీద్ చెప్పిన మాట, తాను 'ఆ, ఆ' అన్నది, అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ మాట కోడలికి చెప్పలేదు. సోమమ్మకూ చెప్పలేదు. అంగడిలో ఏ ఒక్కరికీ చెప్పలేదు. ఎనిమిది నెలలపాటు తన చేత్తో చేసిన కుండలోంచి, తన కళ్ల ముందరే, ఆ పిల్ల బోరు నీళ్లు తాగింది. ఎల్లస్వామి వాకిట్లో కూలబడి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఏడ్చాడు. "నేనే పోసిన," అన్నాడు. నిర్మలకు ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మర్నాటి నుంచి భీమయ్య బావికి ఎల్లస్వామే పోయాడు. యాభై ఆరేళ్ల మనిషి, భుజాన కావడి వేసుకుని రోజూ రెండుసార్లు. కుండలు కొన్న ఇళ్లన్నీ వెతుక్కుంటూ మోత్కూర్ చుట్టుపక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగాడు. గడప ముందర నిలబడి, "నా కుండ ఫ్లోరైడును ఆపదు. నేను అబద్ధం చెప్పిన. దాంట్ల బోరు నీళ్లు పొయ్యకున్రి," అని చెప్పాడు. కొందరు తిట్టారు. కుండ వాపసు తీసుకోమన్న చోట తీసుకున్నాడు. మోసపోయిన ఇల్లాళ్లందరి తిట్లూ నిలబడి విన్నాడు, ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. అంగడిలో మోరీ నీళ్ల ఆట మానేశాడు. కుండలు చేయడం మాత్రం మానలేదు, బేదులు ఆగాలంటే అవి కావాల్సిందే. ఎవరైనా కుండను చేతిలోకి తీసుకుంటే, అది ఏం చేయలేదో ముందు చెప్పేవాడు. అది విని సగం మంది కుండ కింద పెట్టి పోయేవాళ్లు.

మంజులత కాళ్లు అంతకుమించి వంగలేదు. అంతకు తగ్గనూ లేదు. ఆ పిల్లకు ఒక అలవాటు మాత్రం మిగిలిపోయింది. ఎవరు గ్లాసు అందించినా, దాహంతో నాలుక పిడచగట్టుకుపోతున్నా, మూతి దగ్గర ఆపి తాత వంక చూసేది.

"గివి యాడియి తాతా?"

పొద్దంతా పదిసార్లు అడిగేది. అడిగిందే అడిగితే సొంత కొడుకునే కసిరిన మనిషి, ఆ పదిసార్లూ చేతిలో పని ఆపి, లేచి వచ్చి, గ్లాసు తీసుకుని ముందు తాను ఒక గుక్క తాగి చెప్పేవాడు.

"బావియి బిడ్డా. నేనే తెచ్చిన. తాగు."